పోస్టుమాస్టరు చదివేస్తున్నాడట!

బావమరిదికి బావ రాసేది.

ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం, పొయ్యి క్షేమం, పొద్దున కాల్చిన రొట్టెలు కూడా క్షేమంగా అమ్ముడుపోయాయి. క్షేమంగా లేనిది మా ఊరొక్కటే.

ఈ ఉత్తరం నీకు పోస్టులో రాలేదని గమనించే ఉంటావు. గిన్నెలు అమ్ముకునే ఆయన మీ ఊరు వస్తుంటే బతిమాలి ఆయన సంచిలో పెట్టించాను. కారణం చెబుతాను, నీ కుర్చీ గట్టిగా పట్టుకో. మా కొత్త పోస్టుమాస్టరు ఊరందరి ఉత్తరాలూ చదివేస్తున్నాడు.

పోస్టాఫీసు మా బేకరీకి ఎదురుగానే కదా. కౌంటరు దగ్గర నిలబడితే ఆయన బల్ల మొత్తం కనిపిస్తుంది. ఒక్కో కవరు తీస్తాడు. చేయి బారున చాచి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుంటాడు. తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూసి, పెదవులు కదుపుతాడు. అలా పట్టుకుంటే లోపలి కాగితం మీది అక్షరాలు బయటికి కనిపిస్తాయట. ఈ కిటుకు మీ అక్క చెబితేగాని నాకు తట్టలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి తలుపు దగ్గరికి వేసి, సంచి భుజాన వేసుకుని వెనక దారిన మాయమైపోతాడు. తీరిగ్గా కూర్చుని చదువుకోవడానికి కాకపోతే మరెందుకు?

రుజువులు కావాలా? మా దర్జీ తాను జుట్టుకు రంగు వేసుకుంటున్నానని వాళ్ల తమ్ముడికి రహస్యంగా రాసుకున్నాడు. ఆ సాయంత్రానికే వీధి వీధంతా ఆయన కళ్లలోకి కాకుండా తల వంక చూసి మాట్లాడటం మొదలుపెట్టింది. సంగీతం పంతులమ్మ తన శిష్యురాలి గొంతు నూనె లేని తలుపులా ఉందని స్నేహితురాలికి రాసింది. మర్నాడే ఆ పిల్ల తల్లి నూనె సీసా తెచ్చి పంతులమ్మ బల్ల మీద పెట్టి వెళ్లింది. నేనేమో మన బన్ను అంత మెత్తగా రావడానికి పిండిలో ఏం కలుపుతానో నీకు రాసి పెడదామనుకుంటున్నాను. ఇప్పుడు ఎలా రాసేది?

అందుకని నలుగురం కలిసి అర్జీ రాశాం. మొదటి సంతకం నాది. దాన్ని పై ఆఫీసుకు పంపాలి. తీరా చూస్తే ఆయన మీద అర్జీ ఆయన పెట్టెలోనే వేయాల్సి వచ్చింది! కాబట్టి దీనితో జతపరిచాను. మీ ఊళ్లో పోస్టు చేసెయ్యి. ఉద్యోగం ఊడితేగాని ఇలాంటివాళ్లకు తెలిసిరాదు.

ఇట్లు,
ఊరి మేలు తప్ప వేరే ఆలోచన లేని
మీ బావ

తా.క. తమ్ముడూ, ఇది రాస్తున్నది నేను, అక్కని. మీ బావ కవరు అతికించమని ఇచ్చి పొయ్యి దగ్గరికి వెళ్లారు. పోస్టాఫీసులో జిగురు డబ్బా ఎండిపోయిన దగ్గర నుంచి వీధిలో అందరూ మన మైదా జిగురుకే వస్తున్నారు, అతికించేది నేనే. ఆ అర్జీ తొందరపడి వేయకు. ఎందుకని అడక్కు. ఇంకో సంగతి, దర్జీ రంగు వేసేది జుట్టుకే కాదు, మీసాలకు కూడానట.

* * *

బావగారికి, మీ బావమరిది వంగి వంగి పెడుతున్న నమస్కారాలు.

మీ ఉత్తరం, అర్జీ రెండూ అందాయి. వీధికి అవతలి మనిషి పెదవుల కదలిక కూడా మీకు కనిపిస్తోందంటే మీ కళ్లకు నా అవసరం ఇప్పట్లో లేనట్టే. కళ్లజోళ్లు అమ్ముకు బతికేవాణ్ణి కాబట్టి కొంచెం బాధపడ్డాను, బావమరిదిగా మాత్రం సంతోషించాను.

అర్జీ చదివాను. ‘దుర్మార్గుడు’ అనే మాట పదే పదే వచ్చింది, ఒక చోట కొట్టేసి ‘పరమ దుర్మార్గుడు’ అని మళ్లీ రాశారు. అంతా బాగానే ఉంది కానీ బావగారూ, ఇది ఒక మనిషి కూటికి సంబంధించిన విషయం. ఇందులో మీరు కళ్లతో చూసిందెంత, నలుగురూ కూర్చుని అనుకున్నదెంత? ఖాయమేనని మీరు ఇంకొక్క మాట రాస్తే మా వీధి చివర పెట్టెలో వేసేస్తాను.

మీ ఆజ్ఞ కోసం కాచుకుని ఉన్న
మీ బావమరిది

తా.క. ఈ జవాబు పోస్టులోనే పంపుతున్నాను, ఏమీ అనుకోకండి. గిన్నెలాయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. మా ఆవిడ ఆయనతో ఒక మూత బేరం చేస్తోంది, అది ఇప్పట్లో తేలేది కాదు.

* * *

ప్రాణంతో సమానమైన బావమరిదికి,

నీ ఉత్తరాన్ని మా పోస్టుమాస్టరు గారు స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ చిరునవ్వు చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది. ఆయన కవరు పట్టుకోవడం చూడాలి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టుంటుంది. అలాంటి మహానుభావుడు మా ఊరికి రావడం మేం చేసుకున్న పుణ్యం.

నువ్వేదో అర్జీ అని రాశావు. ఏ అర్జీ? ఆ మాటకు అర్థం కూడా నాకు తెలియదు. నీకు జ్వరం తగిలినట్టుంది, ఒళ్లు జాగ్రత్త. నీ భార్యకు చెప్పి మందు వేయించుకో.

ఇక అసలు విషయం. ఇది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. మీ అక్కకు కూడా చెప్పలేదు. నేను బేకరీ అమ్మేస్తున్నాను. రొట్టెల మీద విరక్తి పుట్టింది.

పోస్టుమాస్టరు గారిలాంటి పెద్దల నీడలో చల్లగా ఉన్న
మీ బావ

తా.క. అక్కకు కూడా చెప్పలేదట! చెప్పకుండా కవరు తెచ్చి అతికించమని అక్క చేతికే ఇచ్చారు! నిన్న రాత్రి కూడా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారురా తమ్ముడూ, ఒక్క మాట పైకి అనలేదు. రొట్టెల మీద విరక్తట. రేపు నా మీద కూడా విరక్తి పుడితే నన్నెవరికి అమ్ముతారో అడిగి రాయి. నా గోడు ఎవరితో చెప్పుకోను? సరేలే, దర్జీ ఇంటికి వెళ్లి వస్తాను.

* * *

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక గుండె మీది బండ దిగినట్టయింది. ఆయన మంచివాడని మీరే తెలుసుకున్నారు, అంతకంటే కావలసిందేముంది? అర్జీని అద్దాల పెట్టె అడుగున పడేశాను. మనిషన్నాక పొరపడతాడు. పొరపాటని ఒప్పుకోవడానికి మీకు సిగ్గేసి అర్జీ అంటే తెలియదని రాశారు, అది కూడా అర్థం చేసుకున్నాను.

బేకరీ విషయం మాత్రం మనసుకు కష్టంగా ఉంది. కానీ విరక్తి పుట్టినవాణ్ణి పట్టి ఆపకూడదు. కాబట్టి నా వంతు సాయం చేశాను. మా వీధిలో కొవ్వొత్తులు పోసే ఆయన పెద్ద పొయ్యి ఉన్న చోటు కోసం వెతుకుతున్నాడు. మీ చిరునామా ఇచ్చి పంపాను. మనిషి మాటకారి కాదు, నేరుగా లోపలికి వచ్చి గోడలు కొలవడం మొదలుపెడతాడు. కంగారు పడకండి.

మీ విరక్తిలో పాలుపంచుకుంటున్న
మీ బావమరిది

తా.క. నాకు జ్వరం లేదు. కానీ మా ఆవిడ మీ ఉత్తరం చదివి పూటపూటా మందు పోస్తోంది. జ్వరం లేదంటే ‘మీ బావగారికి అంత దూరం నుంచే తెలిసింది, మీకు తెలియట్లేదు’ అంటోంది.

* * *

ఒరేయ్ బావమరిదీ!

క్షేమసమాచారాలు తర్వాత. నీకు బుద్ధి ఉందా?

ఆ ఉత్తరం నీకు కాదు! దాని మీద నీ పేరు ఉన్నంత మాత్రాన అది నీకేనా? అది పోస్టుమాస్టరు చదవడానికి రాసింది. నువ్వెందుకు చదివావు? చదివావు పో, ఎందుకు నమ్మావు? ఇంతకాలంగా నన్ను ఎరిగినవాడివి, నాకు రొట్టెల మీద విరక్తి పుడుతుందా?

అది ఎర. బేకరీ మాట నేను ఏ ప్రాణికీ చెప్పలేదు. కాగితం మీద పెట్టి చూశాను, బయటికి పొక్కితే చదివినవాడు దొరికినట్టే కదా. నా తెలివి పారింది. కవరు పెట్టెలో పడిన పూటే దర్జీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిట్టూర్చాడు. పంతులమ్మ కళ్లు తుడుచుకుంటూ ‘ఇదే ఆఖరుసారి’ అని బన్నులు కొనుక్కుని వెళ్లింది. మర్నాడు కూడా ఆఖరుసారే కొనుక్కుంది. వాళ్ల దుఃఖం వల్ల వ్యాపారం బాగుంది కానీ, నీ కొవ్వొత్తులాయన వచ్చి మండుతున్న పొయ్యిలోకి కొలబద్ద పెట్టాడు. అది అంటుకుంది. మీ అక్క అప్పడాల కర్రతో ఆయన్ను వీధి మలుపు దాకా సాగనంపి వచ్చింది.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ మనసు విప్పి ఉత్తరం రాయడం లేదు. ఆయన చదువుతాడని ఆయన్నే పొగుడుతూ రాస్తున్నారు. దర్జీ అయితే పనిలో పనిగా తన కుట్టుపనిని కూడా పొగుడుకుంటున్నాడు. దీన్ని ఇలా వదిలేస్తే లాభం లేదు. అర్జీ వెంటనే పోస్టు చెయ్యి. ఇది బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. ఇది నీకే. ఇది నమ్ము.

ఇట్లు,
బేకరీ అమ్మని
మీ బావ

(కాగితం తిప్పు)

తా.క. బేకరీ అమ్మడం లేదట! పోయిన ప్రాణం లేచి వచ్చింది తమ్ముడూ. కాకపోతే నేను అప్పటికే దర్జీ ఇంట్లోనూ పంతులమ్మ దగ్గరా చెప్పుకుని ఏడ్చేశాను. మీ బావకు చెబుదామంటే ఆయన ‘దొరికాడు, దొరికాడు’ అని గంతులేస్తున్నారు, చూడముచ్చటగా ఉంది, నోరు రాలేదు. అయినా నా తప్పేముంది? అతికించే ముందు కవరులో కాగితం ఉందో లేదో చూసుకోవద్దూ? చూశాక కళ్లు ఊరుకుంటాయా? అర్జీ మాత్రం వేయకురా, నీకు పుణ్యముంటుంది.

* * *

బావగారికి,

నమస్కారం పెట్టడానికి కూడా చేతులు రావడం లేదు. మీ కేకలు చదివి వణికిపోయి, కాగితం తిప్పకుండానే వెళ్లి అర్జీని పెట్టెలో వేసేశాను. దుకాణానికి వచ్చాక కాగితం తిప్పాను.

తిప్పి తల పట్టుకుని కూర్చున్నానో లేదో, ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. దగ్గరి చూపు ఆనడం లేదన్నాడు. చదివే అట్ట చేతికిచ్చాను. చేయి బారున చాచి, తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూసి, పెదవులు కదిపాడు. ‘కొంచెం దూరంగా పట్టుకుంటారా’ అన్నాడు. పట్టుకున్నాను. ‘ఇంకొంచెం’ అన్నాడు. గుమ్మం దాకా వెళ్లాను. ‘ఇంకొక్క రవ్వ’ అన్నాడు. ఆఖరికి నేను వీధిలో నిలబడి అట్ట ఎత్తిపట్టుకుంటే, బండ్లవాళ్లు నన్ను తిడుతుంటే, అప్పుడు ఒక వరుస చదివాడు. అది కూడా తప్పు చదివాడు.

ఏం పని చేస్తారని అడిగాను. ‘ఉత్తరాల పనండీ’ అన్నాడు. ఏ ఊళ్లో అని అడిగితే మీ ఊరే చెప్పాడు.

బావగారూ, మీ పోస్టుమాస్టరు మీ ఉత్తరాలు చదవడం లేదు. కవరు మీది చిరునామా చదవడానికి తంటాలు పడుతున్నాడు! ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని నా చేతులు పట్టుకున్నాడు. చూపు లేదని పైవాళ్లకు తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారట. భార్య లేదు, ఒక్కగానొక్క కూతురు ఎక్కడో దూరాన ఉంది, ఇక ఆ ఉద్యోగమే లోకం. నేను పరుగెత్తుకెళ్లి పెట్టె దగ్గర కాపలా కాశాను. సంచిలోకి ఉత్తరాలు దులుపుకునే ఆయన్ని కాళ్లావేళ్లా పడి అడిగాను. ‘పెట్టెలో పడ్డాక అది మీది కాదు’ అన్నాడు. అర్జీ వెళ్లిపోయింది.

ఇక ఇన్‌స్పెక్టరు రావడం ఖాయం. ఆయన చదవలేదని మనం చెబితే, ఎందుకు చదవలేదో చెప్పాలి. అది చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే చదివాడని పోతుంది. ఎటు చూసినా ఆయన మెడకే. నేను రాత్రింబవళ్లు అద్దాలు అరగదీస్తున్నాను. తయారైన వెంటనే బస్సులో వేస్తాను. అప్పటిదాకా ఎలాగైనా ఆయన్ను కాపాడండి.

మరి ఉత్తరాలు చదువుతున్నదెవరని నన్ను అడక్కండి. నేను ఆవిడ తోడబుట్టినవాణ్ణి.

ఇట్లు,
సిగ్గుతో
మీ బావమరిది

తా.క. ఈ ఉత్తరం ధైర్యంగా పోస్టులోనే పంపుతున్నాను. ఆయన చదవలేరు కదా.

* * *

బంగారంలాంటి బావమరిదికి,

కూర్చుని చదువు. పక్కన నీ భార్యను కూడా కూర్చోబెట్టుకో.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఇన్‌స్పెక్టరు దిగాడు. నీ కళ్లజోడు ఇంకా రాలేదు. వీధంతా పోస్టాఫీసు ముందు చేరింది. మీ అక్క చేతికి పిండి ఉండగానే నా వెనక నడిచి వచ్చింది. ఇన్‌స్పెక్టరు బల్ల మీద మన అర్జీ పరిచాడు. నా సంతకం అందరికంటే పైన, అందరికంటే పెద్దగా ఉంది. అంత పెద్ద సంతకం ఎందుకు పెట్టానా అని మొదటిసారి అనుకున్నాను.

నేను ముందుకెళ్లి ‘అయ్యా, ఇది మేం తెలియక రాసింది, వెనక్కి తీసుకుంటాం’ అన్నాను. ఇన్‌స్పెక్టరు నా మాట పట్టించుకోలేదు. అర్జీ తీసి పోస్టుమాస్టరు చేతికిచ్చి, ‘మీ మీద రాసిందే. పైకి చదివి, ఒక్కో దానికీ జవాబు చెప్పండి’ అన్నాడు.

పోస్టుమాస్టరు మెల్లగా చేయి చాచాడు. కిటికీ వైపు తిరిగాడు. తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూశాడు. నేను రాసిన మాటలు ఆయనకు కనిపించనందుకు సంతోషించాలో, అందుకే ఆయన బతుకు వీధిన పడుతున్నందుకు ఏడవాలో తెలియలేదు.

అంతలో మీ అక్క నన్ను తోసుకుంటూ వెళ్లి ఆ కాగితం లాగేసుకుంది.

‘ఆయన్నెందుకండీ చదవమంటారు? చదివేదాన్ని నేను!’ అంది.

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. మీ అక్క ఆగితేనా? ‘ఊళ్లో ఉత్తరాలన్నీ నేనే చదువుతున్నాను. జిగురు పెట్టేది నేను, చదివేది నేను, చెప్పేది నేను. దర్జీ జుట్టు మాట చెప్పింది నేనే. పంతులమ్మ తలుపు మాట చెప్పింది నేనే. మా ఆయన బేకరీ అమ్ముతున్నాడని ఏడ్చి చెప్పింది నేనే. ఈయనకు ఏ పాపం తెలియదు. శిక్ష వేస్తే నాకు వేయండి, కానీ పొయ్యిలో రొట్టెలున్నాయి, అవి తీసి వస్తాను’ అంది.

ఇన్‌స్పెక్టరు బల్ల మీది ఎండిపోయిన జిగురు డబ్బా తిరగేసి చూశాడు. చివరికి ‘పెట్టెలో పడకముందు అది మా శాఖ ఉత్తరం కాదు, మీ ఊరి కాగితం. దాని సంగతి మీరూ మీరూ తేల్చుకోండి’ అని అర్జీ చింపేసి, బన్నులు కట్టించుకుని వెళ్లిపోయాడు. దర్జీ మాతో మాట్లాడటం మానేశాడు. రొట్టె కావాలంటే వేలితో చూపిస్తున్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. ‘ఊళ్లో ఇందరి ముందు తల వంచుకున్నావు. ఆయన చదవలేడని నీకెలా తెలుసు? బావమరిది నాకే కదా రాశాడు’ అన్నాను. మీ అక్క వెనక తలుపు తీసింది. పోస్టుమాస్టరు సంచితో నిలబడి ఉన్నాడు. ఆయన రోజూ మధ్యాహ్నం మాయమయ్యేది మన వెనక గదిలోకేనట! నేను ముందు కౌంటరులో కూర్చుని ఆయన మీద అర్జీ రాస్తుంటే, గోడకు అవతల పిండి బల్ల మీద మీ అక్క ఒక్కో చిరునామా చదివి చెబుతోందట, ఆయన వీధుల వారీగా సర్దుకుంటున్నాడట. ఇంకా విను. ఉత్తరాలు చదివేస్తున్నాడనే పుకారు ఎవరు పుట్టించారనుకున్నావు? ఆయనే!

‘కవరు ఎత్తిపట్టుకోవడం నలుగురూ చూశారు బాబూ. ఏదో ఒకటి అనుకుంటారు కదా. చదివేస్తున్నానని అనుకోనీయమ్మా, చదవగలనని అయినా అనుకుంటారు, అని ఈ అమ్మకు నేనే చెప్పాను. ఆ మాట ఎవరూ రుజువు చేయలేరు. నా కళ్ల సంగతయితే ఒక్క కార్డు చూపిస్తే తేలిపోతుంది’ అన్నాడు ఆ పెద్దమనిషి. ఆయన్ని నీ దుకాణానికి పోరి పోరి పంపింది కూడా మీ అక్కే.

బావమరిదీ, మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నేళ్లూ ఎగతాళి చేశాను. ఊరందరి మాటలూ వీధిలో పోసిన మనిషి, ఒకడి కూడు పోయే మాట మాత్రం నాకు కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకుంది. నాకు గర్వంగా ఉంది. ఆ మాట ఆవిడతోనే అన్నాను. ‘ఇప్పటికైనా తెలిసింది’ అంది.

సాయంత్రం బస్సులో నీ కళ్లజోడు వచ్చింది. పెట్టుకున్నాడు. ముందు నా మొహం చూసి ‘మీరు ఇలా ఉంటారా’ అన్నాడు. తర్వాత తన చొక్కా లోపలి నుంచి నీలం కవర్ల కట్ట తీశాడు. అన్నీ కూతురు రాసినవే. రంగును బట్టి గుర్తుపట్టి, విప్పకుండా దాచుకున్నాడట. సొంత బిడ్డ మాట ఇంకొకరి నోటి నుంచి వినడానికి మనసొప్పలేదట. తనేమో ‘క్షేమం’ అని పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కార్డు వేసి ఊరుకునేవాడట. ఊరందరి ఉత్తరాలూ చదువుతాడని మనం అన్న మనిషి, తన ఉత్తరం తానే చదువుకోలేదు. పిండి బల్ల ముందు కూర్చుని మొదటిది విప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. లేచి నన్ను కౌగిలించుకుని, మీ అక్కకు దండం పెట్టి, ‘నేను తాతనయ్యాను, ఎప్పుడో అయిపోయాను’ అన్నాడు.

ఇట్లు,
ఇక జన్మలో అర్జీ రాయని
మీ బావ

తా.క. తమ్ముడూ, మనవరాలట! పళ్లు కూడా వచ్చేశాయట. నా మీద ఒట్టు, ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దర్జీ ఇంటికి వెళ్లేసరికి పోస్టుమాస్టరు గారే అక్కడున్నారు. పంతులమ్మ ఇంటికి వెళ్తే అక్కడా చెప్పేసి వెళ్లారు. కొత్త కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరం చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగి చదివి వినిపిస్తున్నారు. నాకు ఒక్క ఇల్లు కూడా మిగల్చలేదు.